లింకన్‌షైర్ పొలాల్లో యుద్ధకాలపు విమానాశ్రయాలు: మీ ఊరి దగ్గర ఏం మిగిలి ఉంది?

గూడెం_కుర్రాడు (లింకన్) | ఆగస్టు 3

అందరికీ నమస్కారం. రెండు నెలలు మా దగ్గర ఉండి వెళ్దామని నాన్న తాడేపల్లిగూడెం నుంచి వచ్చారు. ఆయనకి ఇంట్లో కాలు నిలవదు. పొద్దున్నే టీ తాగి పొలాల వెంట నడవాలి. శనివారం మెథరింగమ్ ఊరు దాటాక కారు ఆపి నడుస్తున్నాం. అటూ ఇటూ కోతకొచ్చిన గోధుమ, మధ్యలో పగుళ్లలో గడ్డి మొలిచిన కాంక్రీట్ బాట. ట్రాక్టర్ల కోసం రైతు వేసుకున్న దారి అనుకునేవాణ్ణి నేను. నాలుగేళ్లుగా అటు వెళ్తూనే ఉన్నాను. నాన్న ఆగి, అతుకు దగ్గర మట్టిని చెప్పుతో గీకి చూసి, "ఇది పొలం బాట కాదురా, విమానాల బాట. మన ఏరోడ్రోమ్‌ది కూడా అచ్చం ఇలాగే ఉంటుంది" అన్నారు.

చిన్నప్పుడు గూడెంలో రెండో ప్రపంచ యుద్ధకాలం నాటి రన్‌వే మీద వాళ్ల ఇంటి వడ్లు ఆరబోసేవారట. ఆ కాంక్రీట్ పలకల మధ్య అతుకుల్లో ఇరుక్కున్న గింజల్ని ఏరడం పిల్లల పని. అందుకే చూడగానే పోల్చుకున్నారు.

ఇంకాస్త ముందుకెళ్తే బ్రిటిష్ వైమానిక దళం 106వ స్క్వాడ్రన్ స్మారకం కనిపించింది. ఇంటికొచ్చి చదివాను. నార్మన్ జాక్సన్ అనే ఫ్లైట్ ఇంజినీరు ఇక్కడి నుంచే 1944 ఏప్రిల్ 26 రాత్రి జర్మనీలోని ష్వైన్‌ఫర్ట్ మీదికి బాంబు దాడికి వెళ్లాడు. ఇంజను దగ్గర మంట రేగితే, నిప్పు ఆర్పే సిలిండర్ కోటులో దోపుకుని, ఎగురుతున్న లాంకాస్టర్ బాంబర్ విమానం రెక్క మీదికి పాకాడు. పారాచూట్ సగం కాలిపోయినా కిందపడి బతికాడు, శత్రువులకి ఖైదీ అయ్యాడు. తర్వాత విక్టోరియా క్రాస్ ఇచ్చారు, యుద్ధంలో ధైర్యానికి బ్రిటన్ ఇచ్చే అతి పెద్ద పతకం. ఆ రాత్రికి ఆయన వయసు పాతిక.

నాన్నని మాత్రం ఆ కథ కంటే ఇంకో ప్రశ్న పట్టుకుంది. "ఈ రన్‌వే వేయకముందు ఇది ఎవరి పొలం? తిరిగి ఇచ్చారా?" అని రెండు రోజులుగా అడుగుతున్నారు. నాకు జవాబు తెలీదు.

1945 నాటికి ఈ ఒక్క కౌంటీలోనే 49 విమానాశ్రయాలు ఉండేవి. ఇంగ్లండ్‌లో, అందులోనూ ఈ తూర్పు వైపు ఉన్న మనవాళ్లు ఈ వేదికలో చాలామందే ఉన్నారు. మీ దగ్గర ఏం మిగిలిందో, ఇప్పుడు అక్కడ ఏముందో రాయండి. ఏడాదికేడాది ఆ కాంక్రీట్ తగ్గిపోతోంది.

లౌత్_అక్క (లౌత్) | ఆగస్టు 3

తమ్ముడూ, నాన్నగారికి నా నమస్కారాలు చెప్పు. నేను పన్నెండేళ్లుగా ఇక్కడే నర్సుగా పనిచేస్తున్నాను. మా పేషెంట్లలో తొంభై దాటినవాళ్లు ఎందరో నాకు ఈ కథలు చెప్పారు. వాళ్లలో ఎక్కువమంది అప్పుడు చిన్నపిల్లలు. సాయంత్రం పూట ఎన్ని విమానాలు లేచాయో, తెల్లవారుజామున ఎన్ని దిగాయో లెక్కపెట్టుకునేవాళ్లట. ఒకావిడ ఆ అంకెలు చెప్పి ఆగిపోయింది. మధ్యలో తేడా ఎంతో నేనూ అడగలేదు.

నాకు బాగా తెలిసిన చోటు లడ్‌ఫర్డ్ మాగ్నా. ఊరి వెనకే ఉండేది. నేల బంకమన్ను, వానొస్తే ఒకటే బురద. అందుకే సిపాయిలు మడ్‌ఫర్డ్ మాగ్నా అని పిలిచేవారు. 101వ స్క్వాడ్రన్ అక్కడిదే. వాళ్ల విమానాల్లో మామూలు ఏడుగురితో పాటు ఎనిమిదో మనిషి ఉండేవాడు. అతనికి జర్మన్ భాష వచ్చి ఉండాలి. రేడియోలో జర్మన్ కంట్రోలర్లు తమ ఫైటర్లకి ఆదేశాలిచ్చే తరంగం పట్టుకుని, దాని మీద రొద పెట్టి మాట వినపడకుండా చేయడం అతని పని.

పొగమంచు పడితే దిగడానికి అక్కడ ఇంకో ఏర్పాటు ఉండేది, ఫైడో అంటారు. రన్‌వే పొడవునా రెండు వైపులా గొట్టాలు పరిచి వాటిలో పెట్రోలు మండించేవారు. ఆ వేడికి మంచు పైకి లేచి దారి కనపడేది. గంటకి లక్ష గ్యాలన్ల దాకా తగలబడేదట. మీ మెథరింగమ్‌లోనూ, ఫిస్కర్టన్‌లోనూ కూడా ఉండేది. రేషన్ కాలంలో అంత పెట్రోలు ఎందుకు కాల్చారో ఆలోచిస్తే, ఒక్కో విమానంలో ఏడుగురు పిల్లలు గుర్తొస్తారు. పిల్లలే. చాలామందికి పాతికేళ్లు కూడా నిండలేదు.

హల్_సివిల్ (హల్) | ఆగస్టు 4

మంచి చర్చ మొదలుపెట్టారు. నేను రోడ్ల పనిలో ఉన్నాను. ఆ కాంక్రీట్ గురించి రెండు మాటలు.

1942లో బ్రిటన్ అంతటా సగటున మూడు రోజులకొక కొత్త విమానాశ్రయం పని మొదలైంది. అన్నిటికీ ఒకే నమూనా. మూడు రన్‌వేలు త్రిభుజంలా ఒకదాన్నొకటి కోసుకుంటూ వెళ్తాయి. పెద్దది 2000 గజాలు, మిగతా రెండూ 1400 గజాల చొప్పున. అప్పటి బరువు విమానాలు ఎదురుగాలిలోనే లేవాలి, గాలేమో రోజుకోవైపు నుంచి వీస్తుంది. అందుకే మూడు. ఇక్కడ గాలి ఎక్కువగా నైరుతి నుంచి వస్తుంది కాబట్టి సాధారణంగా పెద్ద రన్‌వే ఆ దిశకే ఉంటుంది. త్రిభుజం చుట్టూ 50 అడుగుల వెడల్పున ఒక బాట. అంకుల్ నడిచింది రన్‌వేనా, ఈ చుట్టుబాటా అన్నది వెడల్పు కొలిస్తే తేలిపోతుంది. రన్‌వే అయితే 50 గజాలు ఉండేది. సగానికి పైగా పెకలించి ఉంటే అసలు అంచు ఎక్కడో వెతుక్కోవాలి.

ఆ చుట్టుబాట నుంచి విమానాలు నిలిపే చోట్లు కొమ్మకి కాయల్లా వేలాడుతుంటాయి, ఒక్కో స్థావరానికి 36 దాకా. ఒక్క బాంబుకి అన్నీ పోకూడదని అలా దూరదూరంగా పెట్టారు. మనుషులు పడుకునే రేకుల గుడిసెలు ఇంకా దూరంగా, చెట్ల చాటున ఉండేవి. బాంబులు దాచే చోటు వీటన్నిటికీ దూరంగా మరో మూల. అందుకే ఇక్కడి అడవిముక్కల్లో ఎటూ పోని సిమెంటు దారి కనిపిస్తే, దాని చివర ఏదో ఒకటి ఉండేదని అర్థం.

యుద్ధం అయ్యాక ఈ కాంక్రీట్‌కి గిరాకీ వచ్చింది. పగలగొట్టి, నలగ్గొట్టి కొత్త రోడ్ల కింద పరిచారు. కింద నేలని గట్టిపరచడానికి అంతకన్నా మంచి సరుకు దొరకదు. వృత్తిపరంగా అది సరైన పనే అంటాను. కానీ ఆ ముక్కల మీద బండి నడుపుతూ ఆ సంగతి తెలియకపోవడం బాగోదు.

కరీంనగర్_స్టూడెంట్ (లింకన్) | ఆగస్టు 4

అన్నా, నాది చిన్న డౌట్. స్కాంప్టన్ పక్కనుంచి ఎ15 రోడ్డు మీద బస్సుల పోతుంటే రోడ్డు గీత గీసినట్టు నేరుగ పోయి, ఒక్కసారిగ విల్లులెక్క వంగుతది. మళ్ల కొంచెం దూరం పోయినంక నేరుగయితది. అక్కడ కొండ లేదు, వాగు లేదు. ఎందుకట్ల?

హల్_సివిల్ | ఆగస్టు 4

తమ్ముడూ, అది రోమన్ల కాలం నాటి దారి, ఎర్మిన్ స్ట్రీట్. దాదాపు రెండు వేల ఏళ్లు నిటారుగానే ఉంది. 1950లలో వల్కన్ అనే పెద్ద జెట్ బాంబర్ల కోసం స్కాంప్టన్ రన్‌వేని 9000 అడుగులకి పెంచాల్సి వచ్చింది. రోడ్డు అడ్డం వచ్చింది. రన్‌వే చివరని చుట్టివచ్చేలా రోడ్డునే వంచారు. అణుబాంబు మోసే విమానం కోసం రోమన్ రోడ్డు పక్కకి తప్పుకుందన్నమాట. నేను ఆ వంపులో కారు నడిపిన ప్రతిసారీ వేగం తగ్గిస్తాను.

ఆ చుట్టుపక్కల వరుసగా అన్ని స్థావరాలు ఉండడానికి కారణం కూడా నేలే. లింకన్‌కి ఉత్తరంగా, దక్షిణంగా ఒక సున్నపురాయి గట్టు పొడవునా సాగుతుంది. స్థానికులు క్లిఫ్ అంటారు. పైన చదును, నీళ్లు నిలవవు, తూర్పున సముద్రం దాటితే జర్మనీ. వాడింగ్టన్, స్కాంప్టన్, ఇంగమ్, హెమ్స్‌వెల్ అన్నీ ఆ గట్టు మీదే.

కరీంనగర్_స్టూడెంట్ | ఆగస్టు 5

థాంక్స్ అన్నా. నిన్న సాయంత్రం మళ్ల పోయి చూసిన. గేటు మూసి ఉంది. 617వ స్క్వాడ్రన్ 1943 మే 16 రాత్రి జర్మనీల డ్యాములు కొట్టడానికి పోయింది ఇక్కడికెల్లే కద. 19 లాంకాస్టర్లు, 133 మంది. 8 విమానాలు తిరిగి రాలే, 53 మంది చనిపోయిండ్రు. వైమానిక దళం విన్యాసాల జట్టు రెడ్ యారోస్ కూడ 2022 దాక ఇక్కడే ఉండె. తర్వాత ఆశ్రయం కోరి వచ్చినోళ్లను ఇక్కడ పెడ్తమని 2023ల సర్కారు చెప్పింది. స్థానిక కౌన్సిల్ కోర్టుకు పోయింది. 2024 సెప్టెంబరుల ఆ ప్లాన్ ఆగిపోయింది. పెద్ద హ్యాంగర్లు నాలుగు రక్షిత కట్టడాల లిస్టుల ఉన్నయి. అయినా లోపల పావురాలు తప్ప ఎవరూ లేకుంటే కప్పు ఎన్నేండ్లు నిలుస్తది? లిస్టుల ఉండుడు వేరే, మరమ్మత్తు జరుగుడు వేరే.

సార్జెంట్_తాత (సికింద్రాబాద్) | ఆగస్టు 5

పిల్లలందరికీ ఆశీస్సులు. నేను భారత వైమానిక దళంలో ఇంజను ఫిట్టర్‌గా మొదలుపెట్టి సార్జెంటుగా రిటైరయ్యాను. లింకన్‌షైర్ నేను చూడలేదు, కానీ మా దళం పుట్టుక అక్కడితో ముడిపడి ఉంది. ఆ మాట ఇంతవరకూ ఎవరూ ఎత్తలేదు కాబట్టి రాస్తున్నాను.

లింకన్‌కి దక్షిణంగా క్రాన్‌వెల్ ఉంది. 1916లో నౌకాదళం దాన్ని తెరిచింది, 1920లో వైమానిక దళ కళాశాల అయింది. ఇప్పటికీ నడుస్తోంది. భారతీయులు విమానం నడపగలరా అని బ్రిటిషువాళ్లు సందేహిస్తున్న రోజుల్లో, 1930లో మొదటి భారతీయ క్యాడెట్లని అక్కడికి పంపారు. సుబ్రతో ముఖర్జీ వాళ్లలో ఒకరు. 1932 అక్టోబర్ 8న మన వైమానిక దళం ఏర్పడింది. మొదటి స్క్వాడ్రన్ 1933 ఏప్రిల్ 1న కరాచీలో నాలుగే నాలుగు వాపిటీ విమానాలతో మొదలైంది. 1954లో ముఖర్జీ మన దళానికి తొలి భారతీయ అధిపతి అయ్యారు. మేం ఏటా అక్టోబర్ 8న జెండాకి వందనం చేస్తాం కదా, ఆ తేదీ వెనక ఈ లింకన్‌షైర్ పొలాలున్నాయి.

ఫిట్టరుని కాబట్టి ఇంకొకటి చెప్పకుండా ఉండలేను. 1941 మే 15 సాయంత్రం ఫ్రాంక్ విటిల్ జెట్ ఇంజను అమర్చిన చిన్న విమానం క్రాన్‌వెల్ నుంచే మొదటిసారి లేచింది. 17 నిమిషాలు ఎగిరింది. నా ఉద్యోగమంతా జెట్ ఇంజన్ల కింద పడుకునే గడిచింది. గూడెం బాబూ, నీకు వీలైతే ఆ కాలేజీ గేటు దగ్గర నిలబడి నా తరఫున ఒక్క నిమిషం చూడు.

గూడెం_కుర్రాడు | ఆగస్టు 5

తప్పకుండా వెళ్తాను సార్. నాన్న కూడా వస్తానంటున్నారు.

హాంబర్గ్_కాకినాడ (హాంబర్గ్) | ఆగస్టు 6

అందరూ ప్రేమగా రాస్తున్నారు. నేను కాస్త వేరే మాట చెప్పాలి, తప్పుగా అనుకోకండి.

మా ఆఫీసు హామర్‌బ్రూక్‌లో ఉంది. ఇక్కడ పాత ఇల్లు ఒక్కటి కనపడదు. 1943 జులై చివర్లో ఈ పేట మంటల తుపానులో కాలిపోయింది. ఆ వారం దాడుల్లో హాంబర్గ్‌లో దాదాపు 37 వేల మంది చనిపోయారు. సెయింట్ నికొలాయ్ చర్చి గోపురాన్ని అలాగే మొండిగా వదిలేసి స్మారకం చేశారు. నేను రోజూ దాని మీదుగానే వెళ్తాను. ఆ బాంబులు వేసినవాళ్లలో ఎందరో మీరు చెబుతున్న ఆ పొలాల్లోంచే లేచారు.

ఇంకోటి. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీదా మా కాకినాడ మీదా బాంబులు వేశాయి. మా తాతమ్మ పిల్లల్ని ఎత్తుకుని రాత్రికి రాత్రి పల్లెకి పరిగెత్తింది. విమానం చప్పుడు వింటే చాలు, ఆవిడ చివరిదాకా అన్నం కంచం వదిలేసి లేచేది. పైన ఎగిరేవాడి ధైర్యం గురించి చదువుతుంటే నాకు కింద ఉన్న ఆ కంచమే కనపడుతుంది. ఈ చర్చలో వాళ్లకీ చోటివ్వండి.

లౌత్_అక్క | ఆగస్టు 6

తప్పుగా అనుకునేది ఏముంది నాయనా. నువ్వు రాయకపోతే ఈ చర్చ ఒంటికాలి మీద నిలబడేది.

లింకన్ ఊరి పైన, కాన్విక్ కొండ మీద, బాంబర్ కమాండ్ (అప్పటి బ్రిటిష్ బాంబర్ల దళం) స్మారక కేంద్రం 2018లో తెరిచారు. మధ్యలో ఉక్కు స్తంభం. ఎత్తు 102 అడుగులు, అంటే లాంకాస్టర్ ఈ రెక్క చివర నుంచి ఆ రెక్క చివరిదాకా ఎంతో అంత. చుట్టూ ఇనుప పలకల్లో దాదాపు 58 వేల పేర్లు కోసి ఉన్నాయి. విమానాల్లో ఎగిరిన లక్షా పాతిక వేలమందిలో 55,573 మంది చనిపోయారు, మిగతావి నేల మీద పనిచేసినవాళ్ల పేర్లు. ఆడవాళ్లవీ ఉన్నాయి. నేను అక్కడ గమనించిందేమిటంటే, వాళ్లు కింద ఉన్నవాళ్ల కథ కూడా చెబుతున్నారు. బాంబుల కింద బతికిన జర్మన్ల, ఇటాలియన్ల జ్ఞాపకాలని రికార్డు చేసి భద్రపరుస్తున్నారు.

స్టూడెంట్ తమ్ముడు డ్యాముల సంగతి రాశాడు. అందులో 53 మంది పోయారని చెప్పాడు. ఆ వరదలో కొట్టుకుపోయినవాళ్లు సుమారు 1300 మందికి పైనే. వాళ్లలో సగానికి పైగా జర్మన్లు కూడా కాదు. సోవియట్ నేల నుంచి పట్టుకొచ్చి బలవంతంగా పనిచేయిస్తున్నవాళ్లు, అందులోనూ ఎక్కువగా ఆడపిల్లలు. ముళ్లకంచె లోపల ఉన్నారు, పారిపోయే దారి లేదు.

హాంబర్గ్_కాకినాడ | ఆగస్టు 6

అక్కా, ఆ ఆడపిల్లల సంగతి నాకు తెలియదు. కృతజ్ఞతలు. క్రిస్మస్ సెలవుల్లో లింకన్ వస్తాను. ఆ కొండ చూడాలి.

దొనకొండ_బిడ్డ (బెంగళూరు) | ఆగస్టు 7

మా దొనకొండలో కూడా యుద్ధకాలం నాటి విమానాశ్రయం ఉందని ఇక్కడ ఎంతమందికి తెలుసో. ప్రకాశం జిల్లాలో రైలు దిగి, చెట్టుచేమ లేని ఆ మైదానం చూస్తే ఇక్కడికి విమానాలెందుకొచ్చాయిరా అనిపిస్తుంది. చిన్నప్పుడు మేం అక్కడ క్రికెట్ ఆడేవాళ్లం. అప్పుడప్పుడూ దాన్ని మళ్లీ వాడకంలోకి తెస్తామని పేపర్లో వస్తుంది, మళ్లీ చల్లబడుతుంది. గన్నవరం కూడా యుద్ధకాలంలో మొదలైందే, అదిప్పుడు పెద్ద విమానాశ్రయం. గూడెంలో ఆ భూముల్లో కొంత నిట్ క్యాంపస్ అయింది. ఒకే కాలంలో పుట్టిన మూడిటికి మూడు గతులు.

లింకన్‌షైర్‌లో మిగిలినవాటి గతి ఏమిటో ఒకచోట ఎవరైనా రాస్తారా?

హల్_సివిల్ | ఆగస్టు 7

అన్నీ రాయలేను గానీ నేను చూసినవి చెబుతాను. కర్మింగ్టన్... కాదు, కిర్మింగ్టన్, ఫోన్‌లో తప్పు పడింది. అది 1974 నుంచి హంబర్‌సైడ్ ఎయిర్‌పోర్ట్. మా ఆవిడ మొన్న ఆమ్‌స్టర్‌డామ్ మీదుగా హైదరాబాద్ వెళ్లింది అక్కడి నుంచే. స్కెల్లింగ్‌థార్ప్ మీద లింకన్‌లో బర్చ్‌వుడ్ అనే పేట లేచింది. అక్కడి ప్రాథమిక పాఠశాల పేరు లెస్లీ మాన్సర్. 1942లో కొలోన్ దాడి నుంచి వస్తూ, తన మనుషులంతా దూకేదాకా విమానాన్ని నిలబెట్టి తను కూలిపోయిన పైలట్ ఆయన. మన పిల్లలు కూడా అక్కడ చదువుతున్నారు. హెమ్స్‌వెల్ బ్యారక్‌లలో ఇప్పుడు పాత సామాన్ల దుకాణాలు. శాండ్‌టాఫ్ట్‌లో ట్రాలీబస్సుల మ్యూజియం. బ్లైటన్‌లో కార్ల రేసులు. వుడ్‌హాల్ స్పాలో ఇసుక, కంకర తవ్వుకున్నాక ఆ గుంతల్ని వన్యప్రాణి సంస్థ తీసుకుంది. ఇప్పుడక్కడ నీటిపక్షులు.

మిగతావాటిలో ఎక్కువగా గోధుమ, బీట్, బంగాళాదుంప.

లౌత్_అక్క | ఆగస్టు 7

డోనా నూక్ మరిచిపోయావు బాబూ! అది మాజీ కాదు, ఇప్పటికీ యుద్ధవిమానాలు గురిచూసి కొట్టడం నేర్చుకునే తీరం. నవంబరు, డిసెంబరుల్లో అక్కడే బూడిదరంగు సీళ్లు ఈని, రెండు వేలకి పైగా పిల్లల్ని పెడతాయి. తెల్లటి బొచ్చుతో, ఇసుకలో, కంచెకి జానెడు దూరంలో. నైట్ డ్యూటీ దిగి నేరుగా అక్కడికే వెళ్తాను నేను. మనుషులు ఎక్కువగా తిరగని చోటు కాబట్టి వాటికి ఆ నేల దక్కింది.

సార్జెంట్_తాత | ఆగస్టు 8

ప్రచ్ఛన్న యుద్ధం నాటివి కూడా చేర్చండి. అవి చూడ్డానికి అంత ఉండవు కాబట్టి జనం మరిచిపోతారు.

1959 నుంచి 1963 వరకూ ఇంగ్లండ్ తూర్పు వైపున 20 చోట్ల థోర్ అనే అమెరికన్ అణు క్షిపణులు పెట్టారు. చోటుకి మూడు, మొత్తం 60. లింకన్‌షైర్‌లో హెమ్స్‌వెల్, బార్డ్నీ, కైస్టర్, కోల్బీ గ్రేంజ్, లడ్‌ఫర్డ్ మాగ్నా, దక్షిణాన ఫోకింగమ్. అన్నీ యుద్ధకాలపు పాత విమానాశ్రయాలే. రాకెట్టు బ్రిటిషువాళ్ల చేతిలో, దాని మొనలో ఉండే అణుబాంబు (వార్‌హెడ్) అమెరికన్ల అధీనంలో. ప్రయోగించాలంటే ఇద్దరి తాళంచెవులూ తిరగాలి. 1962 అక్టోబరులో క్యూబా గొడవ ముదిరినప్పుడు వాటిని సిద్ధంగా ఉంచారు. చుట్టుపక్కల రైతులు అప్పుడు బీట్ దుంపలు తవ్వుకుంటూ ఉండి ఉంటారు. ఫాల్డింగ్‌వర్త్‌లో అయితే బ్రిటన్ తొలి అణుబాంబులని దాచే గిడ్డంగి ఉండేది. యుద్ధంలో అక్కడి నుంచి ఎగిరింది పోలండు దేశస్థులు. తమ దేశం తిరిగి చూడనివాళ్లు వాళ్లలో ఎందరో.

గూడెం_కుర్రాడు | ఆగస్టు 10

నిన్న నాన్నని ఈస్ట్ కిర్క్‌బీ తీసుకెళ్లాను. చెప్పుకోదగ్గ రోజు, కాస్త వివరంగా రాస్తాను.

అక్కడ పాంటన్ అనే రైతు కుటుంబం. పెద్దకొడుకు క్రిస్టఫర్ 1944 మార్చి 30 రాత్రి న్యూరెంబర్గ్ దాడిలో చనిపోయాడు. 19 ఏళ్లు. ఆ ఒక్క రాత్రే 795 విమానాల్లో 95 తిరిగి రాలేదు. తమ్ముళ్లు ఫ్రెడ్, హెరాల్డ్ పెరిగి పెద్దయి, కోళ్ల ఫారం పెట్టుకుందామని ఈ పాత విమానాశ్రయంలో కొంత కొన్నారు. కోళ్ల మీద సంపాదించిన డబ్బుతో 1983లో ఏకంగా ఒక లాంకాస్టర్‌ని కొన్నారు. దాని పేరు జస్ట్ జేన్. అన్న పేరున మ్యూజియం పెట్టి, కంట్రోల్ టవర్‌ని బాగుచేసి, ఆ నాలుగు ఇంజన్లనీ మళ్లీ తిప్పారు. యుద్ధంలో ఎన్నో దాడులు చూసిన ఆ విమానం ఇప్పుడు గడ్డి మీద నెమ్మదిగా నడుస్తుంది.

ఇంజన్లు ఒక్కొక్కటీ అందుకుంటుంటే కాళ్ల కింద నేల అదిరింది. పక్కనున్న గోధుమ మోళ్లు వెనక్కి వాలిపోయాయి. నాన్న టోపీ తీసి చేత్తో పట్టుకున్నారు. గాలికి ఎగిరిపోతుందని కాదు.

సార్జెంట్_తాత | ఆగస్టు 10

బాబూ, చిన్న సవరణ. ఆ విమానం, ఎన్‌ఎక్స్ 611, యుద్ధం చూడలేదు. 1945 ఏప్రిల్‌లో తయారైంది, జపాన్ మీదికి పంపాలని అనుకున్నారు, ఈలోగా యుద్ధం ముగిసింది. మిగతాదంతా సరిగ్గా రాశావు. ఆ మెర్లిన్ ఇంజన్ల చప్పుడు వినే భాగ్యం నాకు లేకపోయింది. నీ ఫోన్‌లో తీసి ఉంటే పంపు.

గూడెం_కుర్రాడు | ఆగస్టు 10

సవరించినందుకు థాంక్స్ సార్. వీడియో మీకు మెసేజ్‌లో పంపాను.

దొనకొండ_బిడ్డ | ఆగస్టు 11

అంకుల్ ప్రశ్నకి ఇంకా ఎవరూ జవాబు చెప్పలేదు. నేను భూముల కేసులు చూసే లాయర్‌ని. ఇంతకంటే ముఖ్యమైన ప్రశ్న ఈ చర్చలో లేదనుకుంటున్నాను.

యుద్ధం రాగానే 1939 నాటి అత్యవసర అధికారాల చట్టం కింద బ్రిటిష్ సర్కారు ఏ పొలాన్నయినా స్వాధీనం చేసుకోగలిగింది. రైతు కాదనడానికి లేదు. పరిహారం ఇచ్చారు. కొన్ని భూములు అద్దెకి తీసుకున్నట్టు లెక్క, యుద్ధం అయ్యాక వెనక్కి ఇచ్చారు. కొన్నిటిని కొనేశారు, అక్కడే చిక్కు వచ్చింది. దానికి పేరుపడిన ఉదంతం డార్సెట్ కౌంటీలోని క్రిషెల్ డౌన్. బాంబుల సాధన కోసం 1938లో 725 ఎకరాలు తీసుకున్నారు. అవసరం తీరాక పాత యజమానులకి అమ్మకుండా వ్యవసాయ శాఖ తన దగ్గరే పెట్టుకుని వేరేవాళ్లకి కౌలుకి ఇవ్వబోయింది. పాత యజమాని కుటుంబం వదల్లేదు. విచారణ జరిగి, 1954లో వ్యవసాయ మంత్రి థామస్ డగ్‌డేల్ రాజీనామా చేశారు. అప్పటినుంచి అక్కడ ఒక నియమం నిలిచింది. బలవంతంగా తీసుకున్న భూమి సర్కారుకి అక్కర్లేకపోతే, ముందు పాత యజమానికో వారసులకో అడగాలి. ధర మాత్రం అప్పటిది కాదు, ఇప్పటి మార్కెట్ ధర.

మనకీ 2013 భూసేకరణ చట్టంలో 101వ సెక్షన్ ఉంది. అయిదేళ్లు వాడకుండా పడి ఉన్న భూమిని పాత యజమానికైనా తిరిగివ్వాలి, ప్రభుత్వ భూమి బ్యాంకులోనైనా కలపాలి అంటుంది. ఆ "అయినా" దగ్గరే రైతు ఓడిపోతాడు. నేను కోర్టులో చూస్తున్నాను.

గూడెం_కుర్రాడు | ఆగస్టు 11

నాన్నకి చదివి వినిపించాను. "మంత్రి రాజీనామా చేశాడా? పొలం గురించా?" అని రెండుసార్లు అడిగారు. తర్వాత చాలాసేపు మాట్లాడలేదు. గూడెంలో రన్‌వే కింద మా నాయనమ్మ పుట్టింటివాళ్ల చెక్క కొంత పోయిందని ఈ రోజే మొదటిసారి నాకు చెప్పారు. ఆ చెక్కకి ఒక పేరుండేదట, మేడిచెట్టు చేను. చెట్టూ లేదు, చేనూ లేదు. ఆ పేరు తెలిసింది ఇప్పుడు ఆయన ఒక్కరికే. ఇప్పుడు నాకూ, మీకూ.

ఇక్కడి పొలాల పేర్లు ఎలా తెలుసుకోవాలి?

హల్_సివిల్ | ఆగస్టు 12

పాత మ్యాపులు స్కాట్లండ్ జాతీయ గ్రంథాలయం వెబ్‌సైట్‌లో ఉచితంగా చూడొచ్చు. ఇంగ్లండ్‌వి కూడా ఉన్నాయి. ఎడమ పక్క 1900 నాటి మ్యాపు, కుడి పక్క ఇప్పటి ఉపగ్రహ చిత్రం పెట్టి చూడండి. రన్‌వే ఏ గట్టుని కోసిందో, ఏ ఇల్లు పోయిందో కనపడుతుంది. పొలాల పేర్లకి అంతకంటే పాతవి కావాలి, 1840ల నాటి టైద్ మ్యాపులు. చర్చికి కట్టే దశమభాగం లెక్క కోసం గీసినవి. ప్రతి చెక్కకీ నంబరు, యజమాని, కౌలుదారు, చాలాసార్లు పొలం పేరు కూడా ఉంటుంది. లింకన్‌లో కౌంటీ ఆర్కైవ్స్‌కి వెళ్లి అడగండి. స్థావరం రోజువారీ రికార్డు కావాలంటే లండన్‌లో క్యూ అనే పేటలో ఉన్న నేషనల్ ఆర్కైవ్స్. స్క్వాడ్రన్లవి ఎయిర్ 27 వరసలో, స్టేషన్లవి ఎయిర్ 28లో ఉంటాయి.

పొడి వేసవిలో ఇంకో దారి ఉంది. కాంక్రీట్ తీసేసినా కింద నేల గట్టిపడి ఉంటుంది కదా, అక్కడ పైరు ముందే పండుబారుతుంది. ఎత్తు నుంచి చూస్తే గోధుమలో త్రిభుజం తేలుతుంది.

గూడెం_కుర్రాడు | ఆగస్టు 24

శుక్రవారం ఆర్కైవ్స్‌కి వెళ్లాం. అక్కడావిడ ఎంతో ఓపిగ్గా పాత మ్యాపు పరిచి, భూతద్దం నాన్న చేతికిచ్చింది. ఆయనకి ఇంగ్లీషు అంతంతమాత్రం. అయినా నేను పేరు చదివితే ఆయన గట్టు వెంట వేలు పెట్టుకుని వెళ్లారు. ఒక రైతు పేరు, ఒక కౌలుదారు పేరు దొరికాయి. వాళ్ల వారసులు ఇంకా ఆ చుట్టుపక్కలే ఉండొచ్చు కాబట్టి ఆ పేర్లు ఇక్కడ రాయను. కాపీ తీసుకున్నాం. నాన్న సూట్‌కేసులో పెట్టుకున్నారు.

క్రాన్‌వెల్ కూడా వెళ్లాం సార్జెంట్ గారూ. గేటు దగ్గర ఒక నిమిషం కాదు, పది నిమిషాలు నిలబడ్డాం.

సార్జెంట్_తాత | ఆగస్టు 24

చల్లగా ఉండు నాయనా.

హల్_సివిల్ | సెప్టెంబరు 19

అంకుల్ ఇండియా చేరారా? గూడెంలో మిగిలిన కాంక్రీట్ విరిగిన అంచు దొరికితే దగ్గరగా ఫోటో తీయించగలరా? ఇక్కడ కలిపింది గుండ్రటి గులకరాయి, దగ్గర్లోని గుంతల్లో తవ్వినది. అక్కడ ఏ రాయి వాడారో చూడాలని ఉంది. రాయిని బట్టి ఎక్కడి నుంచి మోసుకొచ్చారో అంచనా వేయొచ్చు.

గూడెం_కుర్రాడు | సెప్టెంబరు 20

చేరారు. నిన్న ఫోన్లో అడిగాను. ముసురు పట్టిందట, తెరిపివ్వగానే వెళ్తానన్నారు. పలక మందం కొలవడానికి టేపు కూడా తీసుకెళ్లమని చెప్పాను. మేడిచెట్టు చేను ఎక్కడుండేదో కూడా, ఆ రన్‌వే మీద నిలబడి, తనకి గుర్తున్నంత వరకూ కాగితం మీద గీసి పంపిస్తారట.